కొత్త ఆలోచన ఏ దారిన వచ్చింది? బ్రిటన్, అమెరికా, మన నడిగడ్డ

ఫ్రెండ్స్, ఈసారి అధ్యయన వ్యాసానికి నేను తీసుకున్న ప్రశ్న ఇది: ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాలు ఒకే కొత్త ఆలోచనను రెండు రకాలుగా ఎందుకు తీసుకుంటాయి?

ఇది మనకెందుకంటే, మన క్లాసులో చాలామంది ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాలా, యూకే వెళ్లాలా అని లెక్కలు వేస్తున్నారు. రెండూ ఇంగ్లిష్ దేశాలే, రెండూ అడ్వాన్స్‌డ్ దేశాలే అని ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇంకో కారణం నాది. మాది గద్వాల వైపు. "పాలమూరా? బ్యాక్‌వర్డ్ ఏరియా కదా!" అనే మాట హాస్టల్లో నవ్వుతూనే అంటారు. వెనుకబాటు అంటే ఏంటి, ముందుకు పోవడం అంటే ఏంటి అని చదవడం మొదలుపెడితే ఈ రెండు విషయాలూ ఒకే చోటికి వచ్చాయి.

ముందు మాటల సంగతి

వీరేశలింగం గారి కాలంలో వాడిన మాట "సంస్కరణ". 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పెట్టేనాటికి "అభ్యుదయం" అనే మాట స్థిరపడింది. ఇప్పుడు మనం "ప్రోగ్రెసివ్" అంటున్నాం. ఈ వ్యాసం వరకు నా అర్థం ఒక్కటే: పుట్టుక వల్ల, డబ్బు వల్ల మనిషికీ మనిషికీ మధ్య వచ్చే హెచ్చుతగ్గులను తగ్గించే ఆలోచన.

బ్రిటన్‌లో, అమెరికాలో ఈ మాటలు కూడా ఒకేలా లేవు. "లిబరల్" అంటే అమెరికాలో ఎడమ వైపు మనిషి, ప్రత్యర్థులైతే దాన్ని తిట్టులాగా వాడతారు. బ్రిటన్‌లో అదే మాట మధ్యేమార్గంలో నడిచే ఒక పార్టీ పేరులో ఉంది. కాబట్టి స్పెల్లింగ్ ఒకటే అయినా అర్థం ఒకటి కాదు.

బ్రిటన్, అమెరికా: మూడు ఉదాహరణలు

ఒకటి, బానిసత్వం. 1833లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి తన వలసల్లో చాలాచోట్ల బానిసత్వాన్ని రద్దు చేసింది. అందుకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు. అమెరికాలో అది బేరంతో తేలలేదు. 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగాక, 1865లో 13వ రాజ్యాంగ సవరణతో తేలింది.

రెండు, ఆరోగ్యం. 1948లో లేబర్ ప్రభుత్వం జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలుపెట్టింది. తర్వాత కన్జర్వేటివ్ పార్టీ ఎన్నోసార్లు గెలిచింది, కానీ దాన్ని మూసేయలేదు. అమెరికాలో 1965లో ముసలివాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. మిగతావాళ్ల కోసం 2010లో చేసిన చట్టం మీద ఆ తర్వాత కోర్టు కేసులూ నడిచాయి, ఎన్నికల గొడవలూ నడిచాయి.

మూడు, గర్భస్రావం. బ్రిటన్ పార్లమెంటు 1967లో షరతులతో అనుమతించింది. అమెరికాలో 1973లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ హక్కు అంది. అదే కోర్టు 2022లో కాదంది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూల్.

ఒక వింత గమనించండి. రాజు ఉన్న దేశంలో ఆస్పత్రి అందరిదీ అయింది. రాజే వద్దని విడిపోయిన దేశంలో అది ఇంకా తేలలేదు. అంటే "ఎవరు ఎక్కువ మోడర్న్" అనే ప్రశ్నతో ఇది అర్థం కాదు.

నాకు తోచిన వివరణ: ఆలోచన ఏ సంస్థ ద్వారా వచ్చిందో, ఆ సంస్థ రంగు దానికి అంటుతుంది. బ్రిటన్‌లో రాజ్యాంగం అని ఒకే పుస్తకం లేదు. పార్లమెంటులో మెజారిటీ ఉంటే చట్టం అవుతుంది. అందుకే అక్కడ వాదన ఎక్కువగా "ఇది పనిచేస్తుందా, ఖర్చెంత" అని సాగుతుంది. అమెరికాలో రాసిన రాజ్యాంగం ఉంది, రాష్ట్రాల అధికారాలున్నాయి, వాటి మీద కోర్టు ఉంది. అందుకే అక్కడ వాదన "ఇది నా హక్కా, కాదా" అన్న చోటికి చేరుతుంది. ఖర్చు విషయంలో ఇద్దరూ చెరో అడుగు తగ్గొచ్చు, హక్కును మాత్రం సగం సగం పంచుకోలేం. అందుకే గొడవ తరాల పాటు నడుస్తుంది.

ఇది గణిత సూత్రం కాదు. మెడికేర్ కూడా అమెరికాలో కాంగ్రెస్ చేసిన చట్టమే, దాన్ని తీసేస్తామని చెప్పి ఓట్లడగడం అక్కడ ఏ పార్టీకైనా కష్టం. ఇంకోటి, గొడవ సద్దుమణిగింది అంటే న్యాయం జరిగింది అని కాదు. ఆ 2 కోట్ల పౌండ్లు ఎవరి జేబులోకి వెళ్లాయో చూశాం కదా.

ఇప్పుడు మన నది దగ్గరికి

ఈ వివరణ నిలబడుతుందో లేదో చూడాలంటే ఇంకో జంట కావాలి: ఒకే భాష, రెండు పాలనలు. అది మా ఇంటి దగ్గరే ఉంది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న గద్వాల, ఆలంపురం నేలను మేం నడిగడ్డ అంటాం. తుంగభద్ర దాటితే కర్నూలు. కర్నూలు 1839లో ఇంగ్లిషు వాళ్ల చేతికి పోయి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైంది. ఇవతల ఆలంపురం, గద్వాల నిజాం రాజ్యంలో ఉన్నాయి. 1956 దాకా ఇవి రాయచూరు జిల్లాలోవి. గద్వాల, వనపర్తి, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం (జటప్రోలు) సంస్థానాలు. నిజాం కింద అక్కడి రాజులు పాలించేవారు.

అవతలి ఒడ్డున ఏం జరిగింది? వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో 25 ఏళ్లు! చట్టం పుస్తకంలో ఉంది, పెళ్లి చేయించే ధైర్యం ఊళ్లో లేదు. ఆ ధైర్యం కోసం ఆయన 1874 నుంచే "వివేకవర్ధని" పత్రిక నడిపారు, సభలు పెట్టారు, వెలిని ఎదుర్కొన్నారు. అయినా ఆయన చేతిలో ఒక చట్టం ఉంది, ప్రెస్సు ఉంది, మీటింగు పెట్టుకునే వీలుంది. 1920 నుంచి కొద్దిమందికైనా ఓటున్న శాసనసభ వచ్చింది. 1921లో ఆ సభకు ఆడవాళ్లు ఓటేసే వీలు కల్పించిన మొదటి ప్రెసిడెన్సీ మద్రాసే. కాబట్టి అక్కడ కొత్త ఆలోచన నడిచిన దారి ఇది: పత్రిక, సభ, చట్టం.

ఇవతలి ఒడ్డున ఆ దారి లేదు. ప్రజలు ఎన్నుకున్న, అధికారం ఉన్న సభ లేదు. ఆఫీసుల్లో ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలోనూ ఉర్దూ మీడియమే. మీటింగు పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్క్యులర్ ప్రకారం ముందు పర్మిషన్ కావాలి. సంస్థానాల్లో మాత్రం తెలుగు కవులకు గౌరవం ఉండేది. తిరుపతి వేంకట కవులు గద్వాలకూ, ఆత్మకూరుకూ వచ్చి అవధానాలు చేశారు. అంటే తెలుగు దర్బారులో వెలిగింది, దఫ్తరులో లేదు.

మరి కొత్త ఆలోచన ఏ దారి పట్టింది? లైబ్రరీ దారి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. రాజకీయం మాట్లాడితే అడ్డుకుంటారు, పుస్తకం చదివితే అడ్డుకోవడం కష్టం. తర్వాత 1921 నవంబరులో ఒక ఘటన జరిగింది. హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు వితంతు వివాహాల కోసం, స్త్రీ విద్య కోసం జీవితమంతా పనిచేసిన కార్వే గారు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే, సభలోని మరాఠీ వాళ్లు గోల చేసి ఎగతాళి చేశారు. సంస్కరణ కోసం వచ్చినవాళ్లే పక్కవాడి భాషను సహించలేకపోయారు! ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది ఆంధ్ర మహాసభగా పెరిగి, 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకుంది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది.

జోగిపేట సభకు అధ్యక్షుడు మా నడిగడ్డ మనిషే: ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు (1896–1953). మద్రాసులో బి.ఎ. చదివి, అవతలి పాలన చూసి, ఇవతలికి వచ్చి పనిచేశారు. 1926లో "గోలకొండ పత్రిక" మొదలైంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన అంటే, ప్రతాపరెడ్డి గారు తిట్టలేదు. 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. మన భాషలో చెప్పాలంటే, వాదన కాదు, డేటా పెట్టారు. రాజుల చరిత్ర కాకుండా జనం తిండి, బట్ట, ఆట, అలవాట్లతో ఆయన రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగులో మొదటిది అదే. 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే కూడా అయ్యారు.

అంటే కర్నూలు వైపు సంస్కరణ అంటే ప్రధానంగా చట్టం, ఆచారం. మా వైపు సంస్కరణ అంటే ముందు భాష. చదువుకునే హక్కు, మాట్లాడే హక్కు ఉంటేనే మిగతావి. అందుకే మా వైపు ఒక కవితా సంకలనం కూడా రాజకీయమే అయింది. అవతల నుంచి చూసేవాళ్లకు అది కనిపించక, "వెనుకబాటు" అని రాసుకున్నారు.

రెండు దారుల్లోనూ లోటు

అలాగని మా దారిని మాత్రమే మెచ్చుకుంటే అది పాఠం కాదు. లైబ్రరీ దారిన నడవాలంటే అక్షరం రావాలి. వెట్టి చేసే మనిషికి 354 మంది కవులు ఉన్నా లేకున్నా ఒకటే. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యాక ఆంధ్ర మహాసభ చీలింది, పోరాటం భాష నుంచి భూమి వైపు, వెట్టి వైపు మళ్లింది.

చట్టం లేకపోతే ఎంత నష్టమో జోగిని ఆచారం చెబుతుంది. ఎక్కువగా దళిత కుటుంబాల ఆడపిల్లలను చిన్నప్పుడే దేవతకు అంకితం చేసి, పెళ్లి లేకుండా ఊళ్లో పెద్దమనుషుల పాలు చేయడం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి అంకితాలను నిషేధిస్తూ 1947లో చట్టం వచ్చింది. అది నది అవతలి వరకే. రెండు ఒడ్లకూ కలిపి ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది 1988లో. మధ్య 41 ఏళ్లు. పాత పాలమూరు జిల్లా పల్లెల్లో ఆ 41 ఏళ్లలో పెరిగిన ఆడపిల్లలకు "ఆలోచన ఏ దారిన వచ్చింది" అన్నది పరీక్షలో ప్రశ్న కాదు, బతుకు. 1988 తర్వాత కూడా ఆచారం ఒక్కరోజులో పోలేదు. 1856కూ 1881కూ మధ్య జరిగిందే మళ్లీ జరిగింది.

అందుకే నా ముగింపు ఇది. ఒక ప్రాంతం ప్రోగ్రెసివ్‌గా ఉందా లేదా అని మార్కులు వేసేముందు మూడు విషయాలు అడగాలి. అక్కడ ఏ దారులు తెరిచి ఉన్నాయి? ఉన్న దారిన ఎవరు నడిచారు? ఆ దారి ఎవరికి అందలేదు? మొదటిది అడగకపోతే పాలమూరును బ్యాక్‌వర్డ్ అంటాం. మూడోది అడగకపోతే సురవరం గారి పేరు చెప్పుకుని జోగినిలను మర్చిపోతాం.

మీకు చిన్న అసైన్‌మెంట్

ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మీ ఊళ్లో ఉన్న, లేదా పోయిన ఒక ఆచారాన్ని ఎంచుకోండి: వెట్టి, బాల్యవివాహం, రెండు గ్లాసుల పద్ధతి, ఏదైనా సరే. మూడు సంవత్సరాలు రాయండి. చట్టం వచ్చిన సంవత్సరం. మీ ఊళ్లో దాన్ని మొదటిసారి ఎవరైనా ఎదిరించిన సంవత్సరం. అది నిజంగా ఆగిన సంవత్సరం. మొదటిది ఫోన్‌లో దొరుకుతుంది. మిగతా రెండింటికీ మీ అవ్వనో, పక్క వాడలో ఇంకో అవ్వనో అడగాల్సిందే. ఇద్దరినీ అడగండి, ఎందుకంటే ఇద్దరూ ఒకే సంవత్సరం చెప్పకపోవచ్చు. వచ్చిన జవాబులు క్లబ్‌కు పంపితే వచ్చే సంచికలో అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.