ఊరి కట్టుబాటు – రైతు ఎదుగుదల

సేద్యమునకు పెట్టుబడి అనగానే రైతు సోదరులకు విత్తనము, ఎరువు, ట్రాక్టరు బాడుగ, చేతిలోని రొక్కము గుర్తుకు వచ్చును. ఇవి గాక మరొక పెట్టుబడి కలదు. అది పెట్టెలో ఉండదు, పాసుపుస్తకములో వ్రాయబడదు. విత్తనాలు తక్కువైనప్పుడు పొరుగువాడు ఒక బస్తా బదులిచ్చుట, కలుపు మీరినప్పుడు ముయ్యికి ముయ్యిగా నలుగురు వచ్చి చేనిలో దిగుట, కాలువ నీరు ఎవరి వంతు ఎప్పుడో ఊరంతా ఒప్పుకొనుట – ఇవన్నియు ఆ పెట్టుబడి కిందికే వచ్చును. సాంఘిక శాస్త్రజ్ఞులు దీనిని సామాజిక మూలధనము అనుచున్నారు. పేరు కొత్తది, వస్తువు పాతది. చిన్నరైతు ఒక మెట్టు పైకెక్కుటకు ఇది ఎంతవరకు తోడ్పడును, ఎచ్చట తోడ్పడదు అను సంగతి నంద్యాల, ఆళ్ళగడ్డ రైతులు తెలిసికొనదగినది.

ఈ విషయముపై పలు దేశములలో చదువుచున్న ఒక గ్రంథము మన కర్నూలు జిల్లా పల్లెల మీదనే వ్రాయబడినదని ఇక్కడ చాలమందికి తెలియదు. నంద్యాల కూడ ఆ జిల్లాలోనే ఉన్న రోజులవి. ప్రత్యేక జిల్లా అయినది 2022 ఏప్రిల్ 4న. రాబర్ట్ వేడ్ అను విదేశీ పండితుడు జిల్లాలోని 41 గ్రామాలను పరిశీలించి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అను పేరుతో దానిని ప్రకటించినాడు. ఆయన చూచినది ఇది. కొన్ని ఊళ్ళలో ప్రభుత్వ పంచాయతీతో నిమిత్తము లేకుండ ఊరివారే ఒక పెద్దల సభ ఏర్పరచుకొన్నారు. ఆ సభ పొలం కావలివాండ్లను, కాలువ నీరు పారగట్టే మనుషులను నియమించును. కోతలైన తరువాత పొలములలో గొర్రెల మందలను మేపుకొను హక్కును వేలము వేసి ఊరి నిధి కూడబెట్టును. దీనికి ఏ చట్టమూ లేదు, ఏ అధికారీ చెప్పలేదు.

అయితే పక్కనే ఉన్న మరికొన్ని ఊళ్ళలో ఇట్టి ఏర్పాటు కానరాలేదు. కారణము మనుషుల మంచితనములో లేదు. కాలువ తలభాగమున నీరు సమృద్ధిగా అందు ఊరికి కట్టుబాటు అవసరము పడలేదు. చివరి భాగమున నీరు వచ్చునో రాదో తెలియని ఊరివారే కట్టుబడినారు. విడివిడిగా ఉంటే పంట పోవునని, కలిసి ఉంటే దక్కునని వారికి కంటికి కనిపించినది. వేడ్ గారి ఈ నిర్ణయము విస్తరణ పనిలో ఉన్న మావంటి వారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఐకమత్యముపై ఉపన్యాసములు ఎన్ని ఇచ్చినను సంఘము నిలువదు. లాభము ఎంతో, నష్టము ఎంతో కనిపించిననే నిలుచును.

చివరి భూముల చిన్నరైతుకు దీనివలన కలుగు మేలు సేద్యపు దృష్టితో చూచిన స్పష్టమగును. వరి పొట్ట దశ నుండి పూత వరకు నీటి ఎద్దడికి ఓర్చుకొనలేదు. ఆ పది, పదిహేను రోజులలో మడి ఎండితే తాలుగింజలు మిక్కుటమగును. ఊరిలో నీరు పారగట్టే మనిషి లేనిచో ప్రతి రైతూ రాత్రింబవళ్ళు తూము వద్ద కాపలా ఉండవలెను. పదిమంది మనుషులు గల ఆసామికి అది కష్టము కాదు. రెండెకరములు గల రైతు మాత్రము రాత్రి తూము వద్ద, పగలు చేనిలో ఎన్నాళ్ళు ఉండగలడు? ఊరి తరఫున పారగట్టేవాడు ఉంటే ఏ మడి ఆరినదో చూచి దానికి నీరు తిప్పును. చిన్నవాని పంట దక్కును, వాని రెక్కలకు మరొకచోట కూలి గిట్టును.

ఆ సభలలో కూర్చున్నవారు మాత్రము ఎక్కువగా భూమి గలవారే. భూమి లేని కుటుంబములకు కావలి పని దొరికినదేమో గాని, నిర్ణయములలో చోటు దొరకలేదు. ఊరి కట్టుబాటు పంటను కాపాడినది. అందరినీ సమానముగా పైకి తేలేదు.

తరువాత 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల చేత సాగునీటి వ్యవస్థల నిర్వహణకు చట్టము చేసి, రాష్ట్రమంతట 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచినది. కర్నూలు–కడప కాలువ కింద కూడ ఇవి వచ్చినవి. చట్టము సంఘమునకు ఎన్నికను, పేరును ఇచ్చినది. కట్టుబాటును ఊరే తెచ్చుకొనవలెను. కాలువ పూడిక తీసిన లెక్కను చివరి భూముల రైతు ఎదుట చదివే సంఘమునకు, చదవని సంఘమునకు తేడా మొదటి తడిలోనే తెలియును.

ఇక్కడ ఒక చేదు సంగతి దాచరాదు. మన సీమలో మనుషులకు కట్టుబాటు కొరవడలేదు. తన వర్గము కొరకు ప్రాణమైన ఇచ్చెదమను పట్టుదల ఆళ్ళగడ్డ ప్రాంతము చాల చూచినది. ముఠా కక్షలు కూడ ఒక విధమైన కట్టుబాటే. కాని అది లోపలివానిని బిగించి పట్టుకొని, బయటివానికి తలుపు మూయును. కేసులకు, జామీన్లకు పొలములు అమ్ముకొన్న కుటుంబము ఏ మెట్టు ఎక్కగలదు? కాబట్టి సంబంధములు ఎంత గట్టివి అనుదానికన్న, అవి ఎక్కడికి తీసికొనిపోవును అనునదే ప్రధానము.

2022లో రాజ్ చెట్టి, ఆయన తోటి ఆర్థికవేత్తలు అమెరికాలో కోట్లకొలది స్నేహసంబంధములను పరిశీలించి ప్రకటించిన ఫలితము దీనికి తగినట్లే ఉన్నది. పేద ఇంటి పిల్లలకు కలిగినవారితో స్నేహము ఎక్కువగా ఉన్న ప్రాంతములలో ఆ పిల్లలు పెద్దయ్యాక మెరుగైన ఆదాయము పొందుచున్నారు. తమలో తాము ఎంత దగ్గరగా ఉన్నారనుదానికి అంత సంబంధము కనిపించలేదు. మన భాషలో చెప్పవలెనన్న, చుట్టరికము కష్టకాలములో గంజి పోయును. బ్యాంకు, మార్కెట్ యార్డు, పరిశోధనా స్థానము, పట్నము – వీటితో పరిచయము పైమెట్టు చూపును.

ఈ రెండవ రకపు పరిచయమును పేదలు సంఘముగా సంపాదించుకొనవచ్చునని కర్నూలు–నంద్యాల రోడ్డు మీదనున్న ఓర్వకల్లు మహిళలు చూపినారు. 1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి పేదరిక నిర్మూలన పథకము ఆ మండలములో ప్రారంభమైనది. పది, పదిహేనుమంది చొప్పున పొదుపు సంఘములు, వాటిపై గ్రామ సంఘము, దానిపై మండల సమాఖ్య ఏర్పడినవి. ఒంటరిగా బ్యాంకు గడప తొక్కలేని స్త్రీ సంఘము పేరున మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చున్నది. నా దృష్టిలో ఆ కుర్చీ విలువ మొదటి అప్పు విలువకన్న తక్కువ కాదు.

డబ్బు ముందు వచ్చి, కట్టుబాటు వెనుక వచ్చిన ఉదాహరణ థాయిలాండులో కలదు. 2001లో అక్కడి ప్రభుత్వము సుమారు 77 వేల గ్రామములకు గ్రామమునకు 10 లక్షల బాట్ల చొప్పున నిధి ఇచ్చి, ఊరి కమిటీల చేత అప్పులిప్పించినది. కబోస్కీ, టౌన్‌సెండ్ అను పరిశోధకులు లెక్క తీయగా అప్పులు, ఇంటి ఖర్చు, సేద్యపు పెట్టుబడి పెరిగినవి. ఆస్తుల పెరుగుదల మాత్రము తగ్గినది. అప్పు అందుట ఒకటి, ఆస్తి నిలుచుట మరొకటి.

ఇప్పుడు మన నల్లరేగడి శనగ రైతు సంగతి. 1999లో విడుదలైన జె.జి. 11 రకము ఈ ప్రాంతములో బాగుగా వ్యాపించినది. పొరుగువాని చేను చూచి, వాని వద్దనే విత్తనము బదులు తెచ్చుకొనుట రైతు ఎప్పుడూ ఎరిగిన పద్ధతియే. కాని రకము ఇంటికి వచ్చినంత సులభముగా కౌలురైతుకు అప్పు రాదు. పట్టా అతనిది కాదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము 11 నెలల పత్రమునకు భూయజమాని సంతకము కావలెనన్నది. ఆ సంతకమునకు చాలమంది యజమానులు జంకినారు. ఇట్టివారికి బ్యాంకులు ఉమ్మడి పూచీ సంఘముల ద్వారా అప్పులిచ్చు పద్ధతి కలదు. 4 నుండి 10 మంది చేరి, ఒకరికొకరు పూచీ పడవలెను. ఒకే ఇంటివారు ఇద్దరు ఉండరాదు. ఈ నియమము కొందరికి ఇబ్బందిగా తోచును గాని, నేను దీనినే మెచ్చుకొందును. అన్నదమ్ములే చేరిన సంఘములో బాకీ అడుగువాడు ఉండడు.

కోతలోనూ ఇట్లే. నంద్యాల పరిశోధనా స్థానము ఇచ్చిన ఎన్.బి.ఇ.జి. 47 నిటారుగా పెరిగి యంత్రపు కోతకు అనువైనది. ఒక్కరి మూడెకరముల కొరకు దూరము నుండి యంత్రము రాదు. గట్టు గట్టు కలిసిన రైతులు ఒకే రకమును, ఒకే వారములో విత్తుకొన్నచో యంత్రమును కలిసి పిలువవచ్చును, బాడుగ బేరమాడవచ్చును. కూలివారి పని దినములు ఇందువలన తగ్గుననుట నిజము. ఊరిలో ఆ మాట కూడ ముందే మాట్లాడుకొనుట మంచిది.

శనగ విత్తుట అక్టోబరు, నవంబరు మాసములలో గనుక, సంఘము కట్టదలచినవారు వేసవిలోనే కూర్చొనవలెను. జూన్ నుండి నెలనెలా కొంత పొదుపు వేసి, పుస్తకములో వ్రాసి, చదువు వచ్చిన పిల్లవాని చేత అందరి ఎదుట చదివించి, విత్తుటకు రెండు నెలల ముందే ఆ పుస్తకముతో సభ్యులందరు కలిసి బ్యాంకుకు పోవలెను.