జర్మన్ ప్రకటనలను తెలుగులోకి తెచ్చే మేనకోడలికి

నకిరేకల్

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. పురుగుల మందుల ప్రచార కాగితాలను జర్మన్ నుంచి తెలుగు చేసే పని వచ్చిందనీ, మొదటి పేజీలోనే ‘నాఖ్‌హాల్టిగ్’ అనే మాట దగ్గర ఆగిపోయాననీ రాశావు. అక్కడ ఆగడమే ఈ పనికి మొదటి అర్హత.

ఆ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. సాక్సనీ గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ 1713లో అడవుల పెంపకం మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. లోహం కరిగించే కొలుములకు కట్టె కొట్టుకుంటూ పోతే అడవి మిగలదనీ, పెరిగినంత మేరకే కొట్టాలనీ అందులో వాదించాడు. ఇప్పుడు మన పత్రికలు ‘సుస్థిర’ అని రాస్తున్న భావానికి మూలాల్లో అదొకటి. ‘నాఖ్‌హాల్టిగ్’కు ఒక అర్థం ఈ ‘సుస్థిర’. వాడుక జర్మన్‌లో ఇంకో అర్థం కూడా ఉంది: చాలాకాలం నిలిచేది. పురుగుల మందు ప్రభావం ‘నాఖ్‌హాల్టిగ్’ అంటే ప్రకృతికి మేలనీ వినిపిస్తుంది, ఎక్కువ రోజులు పనిచేస్తుందనీ వినిపిస్తుంది. ప్రకటన రాసినవాళ్లకు రెండూ కలిసి వినిపించడమే లాభం. కానీ విషం ఎక్కువ రోజులు నిలవడం ప్రకృతికి మేలు కాకపోవచ్చు. ఒక్క మాట రెండు వైపులా లాగుతోందన్నమాట.

నువ్వు మాత్రం ఒక వైపు నిలబడాలి. ఏ అర్థానికి ఆధారం ఉందో కంపెనీని అడుగు. ఇన్ని రోజులు పనిచేస్తుందని పరీక్షల్లో తేలితే, ఆ రోజుల సంఖ్యే రాయి. ఆధారం చూపకపోతే ఆ విశేషణాన్ని తీసేయమని అడుగు.

వాషింగ్ మెషీన్ ప్రకటన అయితే ఇంత పట్టుబట్టమని చెప్పను. బాష్ కంపెనీ నినాదం ‘టెక్నిక్ ఫ్యూర్స్ లేబెన్’. బతుకు కోసమనీ, జీవితకాలమంతా అనీ రెండు రకాలుగా చదువుకోవచ్చు. ఇంగ్లీషులో వాళ్లే ‘ఇన్వెంటెడ్ ఫర్ లైఫ్’ అన్నారు. ‘టెక్నిక్’ను వదిలేశారు, ‘లైఫ్’లో రెండు అర్థాలనూ ఉంచుకున్నారు. అలాంటి చోట స్వేచ్ఛ తీసుకో, మంచి తెలుగు కోసం వెతుక్కో. అర్థం కాస్త అటూ ఇటూ అయినా బట్టలు ఉతకడం ఆగదు.

నీ చేతిలో ఉన్న కాగితం దారి వేరు. అది మన ఊరి ఫెర్టిలైజర్ షాపు కౌంటర్ మీదికి వస్తుంది. రైతు చదవకపోవచ్చు, షాపాయన చదివి చెప్తాడు. ‘దీర్ఘకాలిక రక్షణ’ అని నువ్వు రాసింది ఆయన నోట్లో ‘ఒక్కసారి కొట్టు, నెలదాక చూసుడే అక్కర్లేదు’ అవుతుంది. నీ మాట అంత దూరం సాగుతుందని ముందే లెక్క వేసుకుని రాయాలి.

‘వార్టెత్సైట్’ అనే మాట దగ్గర మరీ జాగ్రత్త. విడిగా చూస్తే ‘ఎదురుచూసే సమయం’. సేద్యం కాగితాల్లో మాత్రం చివరిసారి మందు కొట్టిన రోజు నుంచి కోతకు ఆగాల్సిన గడువు. ‘గడువు తక్కువ’ అన్నదాన్ని ‘త్వరగా పనిచేస్తుంది’ అని రాస్తే వాక్యం చక్కగానే ఉంటుంది, చదివినవాళ్లకు అనుమానమూ రాదు. కానీ మన ఊరి నిమ్మ ఒక్కసారే కోసే పంట కాదు. తోటలో ఒక పక్క పూత, ఒక పక్క పిందె, ఒక పక్క కోతకొచ్చిన కాయ. రేటు బాగుందని తెలిస్తే రైతు రేపే కోసి మార్కెట్‌కు తెస్తాడు. ‘చివరిసారి కొట్టాక ఇన్ని రోజులు కాయ కోయొద్దు’ అని విడమరిచి రాస్తేనే అతను ఆగుతాడు.

‘షోనెంట్’ ఇంకో మెత్తని మాట. మిత్రపురుగుల విషయంలో వాడితే, వాటిని చాలావరకు వదిలేస్తుందని అర్థం. ‘మిత్రపురుగులకు హాని చేయదు’ అని రాస్తే జర్మన్‌లో లేని హామీ ఇచ్చినట్టే. ‘హాని తక్కువ’ అను, అంతే.

మందు పేరు సంగతీ అంతే. జర్మన్‌లో దాన్ని ‘మొక్కను కాపాడే సాధనం’ అంటారు, అందులో విషం ఊసే ఉండదు. మన సర్కారు కాగితాల్లో ‘సస్యరక్షణ మందు’ కూడా అలాంటిదే. తెలుగులో ‘మందు’ అంటే జ్వరానికి వేసుకునేదీ, చేనుకు చల్లేదీ, సీసాలో తాగేదీ. కాబట్టి కనీసం మొదటి వాక్యంలో ‘పురుగుల మందు’ అని తేటగా రాయి. ఆ మాట వెనక ఉన్న భయం మన పల్లెలకు బాగా తెలుసు. ఆ భయం అక్కరకొచ్చేదే, దాన్ని మెత్తబరచొద్దు.

నీకు చట్టం బలం కూడా ఉంది. ఐరోపా సమాఖ్య 2009లో తెచ్చిన 1107వ నంబరు నిబంధన ఇలాంటి ప్రకటనల్లో ‘విషం కాదు’, ‘హాని లేదు’ వంటి మాటలను నిషేధించింది. మన దేశంలో 1971 నాటి పురుగుమందుల నియమాలు డబ్బా మీది లేబుల్‌లో ‘సురక్షితం’, ‘విషరహితం’ అనొద్దంటాయి. ‘చెప్పినట్టు వాడితే’ అని ముందు తగిలించినా ఒప్పుకోవు. ఆ డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది కదా, ఎరుపు నుంచి పసుపు, నీలం, ఆకుపచ్చ దాకా విషం తీవ్రత తగ్గుతూ వస్తుంది. ఆకుపచ్చ అంటే కూడా ‘జాగ్రత్త’ అనే. జర్మన్ ప్రకటనలో ‘పచ్చదనం’ కనిపిస్తే దాన్ని ఈ రంగుతో కలిపి చదివే ప్రమాదం ఉంది, ఆ పోలికకు తావివ్వకు.

అనువాదం పంపేటప్పుడు సందేహం ఉన్న ప్రతి మాటకూ పక్కన రెండు వాక్యాల వివరణ పెట్టు: జర్మన్‌లో ఏ అర్థాలున్నాయి, నువ్వు దేన్ని తీసుకున్నావు, ఎందుకు. తర్వాత తెలుగు ప్రతిని సేద్యం చేసే మనిషికి చదివి వినిపించి, ‘ఏం అర్థమైంది?’ అని అడుగు. ‘అర్థమైందా?’ అని అడిగితే మర్యాదకు తల ఊపుతారు.

మాట పదునుగా లేదని కంపెనీవాళ్లు అంటే చిన్నబుచ్చుకోకు, ఇంకా బాగా రాసి చూపించు. లేని హామీ రాయమంటే మాత్రం ఒప్పుకోకు. రైతు ముందు జర్మన్ కాగితం ఉండదు బిడ్డా, నువ్వు రాసిందే అతనికి అసలు ప్రతి. దాన్ని నమ్మి తోటలోకి పోతాడు. ఆ నమ్మకానికి తగ్గట్టు రాయగల శక్తి నీకుంది, అందుకే ఇంత పొడుగున రాశాను.

అమ్మను అడిగినట్టు చెప్పు. తర్వాతి కాగితంలో ఏ మాట దగ్గర ఆగావో రాయి.

ఆశీస్సులతో,
నీ మేనమామ