కెమెరా బాగానే ఉంది, ఐపీ అడ్రసే తప్పు: బ్రాడ్‌కాస్ట్, హోస్ట్ అడ్రస్‌ల లెక్క

బడంగ్‌పేట్‌లో మా మామయ్య వాళ్ల అపార్ట్‌మెంట్‌కి నాలుగు ఐపీ కెమెరాలు నేనే బిగించా. మూడు వెంటనే పనిచేశాయి. గేటు కెమెరా మాత్రం ఎన్‌వీఆర్‌లో కనిపించదు. కేబుల్ మార్చా, స్విచ్‌లో పోర్ట్ మార్చా, లాభం లేదు. రెండు రాత్రులు గేటు దగ్గర రికార్డింగే లేదు. "పీస్ పోయినట్టుందిరా, రిటర్న్ పెట్టెయ్" అన్నాడు మామయ్య. గడువు ఆ రోజుతో అయిపోతుంది. పెట్టేసేవాణ్నే, ఎందుకైనా మంచిదని సెట్టింగ్స్ మరోసారి చూశా.

తప్పు నాదే ఫ్రెండ్స్. అపార్ట్‌మెంట్‌లోని ఫోన్లు కెమెరాల జోలికి రాకుండా కెమెరాలకి 192.168.1.0/26 అని వేరే నెట్‌వర్క్ పెట్టా. గుర్తుంటాయని చివరి నుంచి 60, 61, 62, 63 ఇచ్చా. ఆ 63 దగ్గరే బోల్తా పడ్డా.

/26 అంటే 32 బిట్లలో మొదటి 26 నెట్‌వర్క్‌వి, మిగిలిన 6 హోస్ట్‌వి. 6 బిట్లతో 64 అడ్రస్‌లు వస్తాయి. హోస్ట్ బిట్లన్నీ 0 అయితే అది నెట్‌వర్క్ అడ్రస్, అన్నీ 1 అయితే బ్రాడ్‌కాస్ట్. 63ని బైనరీలో రాయండి: 00111111. చివరి ఆరూ ఒకట్లే! పొద్దున చెత్త ఆటో మైకు గల్లీ మొత్తానికి వినిపించినట్టు, ఆ అడ్రస్‌కి పంపింది నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్తుంది. దాన్ని ఒక ఇంటి నంబర్‌గా వాడలేం. అందుకే డివైస్‌లకి మిగిలేది 1 నుంచి 62 వరకే.

బైనరీ బోర్ కొడితే షార్ట్‌కట్ ఉంది. మాస్క్ 255.255.255.192 కదా, 256 లోంచి 192 తీసేస్తే 64. బ్లాకులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. తర్వాతి బ్లాకుకి ఒకటి ముందున్నదే బ్రాడ్‌కాస్ట్: 63, 127, 191, 255.

బ్రాడ్‌కాస్ట్ అంటే ఎప్పుడూ 255 అనుకోవడం ఇంట్లో /24 చూసీచూసీ వచ్చిన అలవాటు. /24లో 63 మామూలు హోస్టే. 192.168.0.0/23లో అయితే 192.168.0.255 కూడా హోస్టే, బ్రాడ్‌కాస్ట్ 192.168.1.255. (రూల్ ప్రకారం తప్పు కాకపోయినా నేనైతే దాన్ని ఏ డివైస్‌కీ ఇవ్వను.)

ఇంకా ఐపీ రాని ఫోన్ వైఫైలో చేరగానే 255.255.255.255కి డీహెచ్‌సీపీ కేక వేస్తుంది. రూటర్ ఆ కేకని బయటికి పోనివ్వదు. ఐపీవీ6లో అసలు బ్రాడ్‌కాస్టే లేదు, ఆ పని మల్టీకాస్ట్ చేస్తుంది.

గేటు కెమెరాకి 59 ఇచ్చా. నిమిషంలో బొమ్మ వచ్చింది. "మరి రెండ్రోజులు నన్ను నిచ్చెన ఎందుకు ఎక్కించావురా?" అన్నాడు మామయ్య.