నాడిలో గణితం

అవకలన సమీకరణాలు దేనికి పనికొస్తాయని జూనియర్ మిత్రులు నన్ను అడుగుతూంటారు. మీ మణికట్టు మీద వేలు పెట్టి చూడండి అంటాను.

అక్కడ తగిలేది గుండె నుంచి అప్పుడే వచ్చిన రక్తం కాదు. బృహద్ధమనిలో రక్తం సగటు నడక సెకనుకు సుమారు 20 సెంటీమీటర్లే. నాడి అల మాత్రం పడుచువాళ్ళలో సెకనుకు దాదాపు 5 మీటర్లు పరుగెత్తుతుంది. ఎందుచేత?

గోడ సాగుతుంది గనుక. గుండె నెట్టిన రక్తం ధమని గోడను ఉబ్బిస్తుంది. ఉబ్బిన గోడ ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు తోసి పక్క భాగాన్ని ఉబ్బిస్తుంది. రక్తానికి జడత్వం, గోడకు స్థితిస్థాపకత: ఈ రెంటి సమీకరణాలనూ కలిపి సాధిస్తేనే ఈ అల దొరుకుతుంది. 1878లో హాలెండు దేశస్థులు మోయెన్స్, కోర్టెవెగ్‌ల పేర నిలిచిన సూత్రం ఇది:

వేగవర్గం = (గోడ యంగ్ గుణకం × గోడ మందం) ÷ (2 × వ్యాసార్ధం × రక్త సాంద్రత)

మిగతావి మారకుండా యంగ్ గుణకం నాలుగింతలైతే వేగం రెండింతలవుతుందన్నమాట. వయసుతో ధమని బిరుసెక్కితే ఆ 5 మీటర్లు కాస్తా 10 దాటవచ్చు. అప్పుడు శాఖల దగ్గర తగిలి వెనుదిరిగిన అల, గుండె ఇంకా రక్తం నెడుతూండగానే తిరిగొచ్చి దానికి అదనపు బరువవుతుంది.

అందుకే ఈనాటి వైద్యులు మెడ దగ్గరా తొడ మొదట్లోనూ నాడి చూసి, మధ్య పట్టిన కాలాన్నిబట్టి అల వేగం కడతారు. ధమనిని కోయకుండానే దాని బిరుసు తెలిసిపోతుంది.