ఆటగాని మోకాలు – ఇంజనీరు లెక్క

మన ఆటస్థలము మూలనున్న దూకుడు గుంటను మీరందరును ఎరుగుదురు. వానలు వెలిసిన పిమ్మట అందలి యిసుక ఎండకు బిగుసుకొని నేలవలె నగును. క్రిందటి సంవత్సరము పోటీలనాడు ఆ గుంటలో దూకిన తొమ్మిదవ తరగతి బాలునికి మోకాలు బెణికి, అతడు రెండు నెలలు ఆటకు దూరమయ్యెను. “దిష్టి తగిలినది” అని యొకరు, “ఆటలు వద్దన్న వినడు” అని యొకరు అనిరి. ఇసుకను పారతో త్రవ్వి వదులు చేయలేదని ఎవరును అనలేదు. చేయించవలసినవాడను నేనే.

ఆనాటి సంగతిని లెక్కలో పెట్టి చూతము. 50 కిలోగ్రాముల బాలుడు అర మీటరు ఎత్తునుండి క్రిందికి దుమికెననుకొనుడు. పాదములు నేలను తాకిన పిదప అతని శరీరము పూర్తిగా ఆగువరకు ఇంకను ఎంత దూరము క్రిందికి దిగునో, అదియే యిందు కీలకము. మోకాళ్లు బిగించి దిగినచో ఆ దూరము 5 సెంటీమీటర్లనుకొందము. మోకాళ్లను, తుంటిని వంచి మెత్తగా దిగినచో 25 సెంటీమీటర్లనుకొందము. పడుటలో అతడు పొందిన శక్తి 50 × 9.8 × 0.5 = 245 జౌళ్లు. దీనిని ఆగిన దూరముతో భాగించి, శరీర భారమగు 490 న్యూటన్లను కలిపినచో, నేల అతనిపై చూపిన సగటు బలము వచ్చును. మొదటి పక్షమున 4900 + 490 = 5390 న్యూటన్లు, అనగా శరీర భారమునకు 11 రెట్లు. రెండవ పక్షమున 980 + 490 = 1470 న్యూటన్లు, అనగా 3 రెట్లు మాత్రమే. బాలుడు అతడే, ఎత్తు అదియే. వదులైన యిసుక చేయు మేలు ఆ ఆగు దూరమును పెంచుటయే. ఇది సగటు లెక్క సుమా! ఏదో యొక క్షణమున బలము దీనిని మించియే యుండును.

ఈ లెక్కనే వృత్తిగా గైకొన్న ఇంజనీర్లు కలరు. వారి శాస్త్రమునకు జీవయాంత్రిక శాస్త్రమని పేరు. వ్యవహారమున బయోమెకానిక్స్ అందురు. వైద్యుడు గాయమును మాన్పును, శిక్షకుడు ఆటను నేర్పును, ఈ ఇంజనీరు కొలుచును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే 1882లో సెకనుకు 12 చిత్రములు తీయగల తుపాకివంటి ఛాయాగ్రాహక యంత్రమును నిర్మించెను. పిమ్మట అతడు మనిషికి నల్లని దుస్తులు తొడిగి, కాలుసేతుల వెంబడి తెల్లని చారలు పెట్టి, నడకను పరుగును చిత్రించెను. నేటి ప్రయోగశాలలలో ఆ చారలకు బదులు కీళ్లపై చిన్న మెరుపు గోళములను అంటింతురు. చుట్టునున్న కెమెరాలు సెకనుకు కొన్ని వందల మారులు వాని స్థానమును గుర్తించును. నేలలో అమర్చిన పలక పాదము మోపిన బలమును వ్రాసికొనును. చలనము, బలము రెండును తెలిసినచో కీలుపై ఎంత భారము పడినదో గణితము చెప్పగలదు.

వేగముగా బంతి విసరు క్రికెట్ ఆటగానిని తీసికొనుడు. బంతి విడుచుటకు ముందు అతని ముందరి కాలు నేలను తాకునపుడు శరీర భారమునకు అయిదు రెట్లవరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు బలము పైకి తన్నును. ఆ క్షణముననే నడుము ప్రక్కకు వంగి మెలితిరుగును. ఒక్క బంతితో ఏమియు కాదు. వేలకొలది బంతులకు నడుము వెన్నుపూసలో వెండ్రుకవంటి చీలిక ఏర్పడును. పెరుగు వయసున ఎముకకు ఈ ప్రమాదము మరింత హెచ్చు. 2019లో జస్‌ప్రీత్ బుమ్రా ఇట్టి చీలికవలననే కొంతకాలము ఆటకు దూరముగా నుండెను. కనుక ఇంజనీరు విసరు తీరును మాత్రమే గాక, వారమునకు ఎన్ని బంతులు విసరుచున్నాడో కూడ లెక్కించును. మన చెన్నపట్టణములోనే పోరూరు శ్రీ రామచంద్ర సంస్థలో ఇట్టి ప్రయోగశాల కలదు. బంతి విసరునపుడు మోచేయి 15 డిగ్రీలకు మించి చాచబడుచున్నదా అని పరీక్షించుటకు అంతర్జాతీయ క్రికెట్ మండలి దానిని గుర్తించినది.

కొన్నిచోట్ల మనిషిని గాక పనిముట్టునే మార్చవలసి వచ్చును. 1984లో తూర్పు జర్మనీ వీరుడు ఉవే హోన్ బల్లెమును 104.80 మీటర్లు విసరెను. ఇంక కొంచెము దూరమైనచో అది మైదానము దాటి ఎవరికి తగులునో! 1986లో పురుషుల బల్లెపు గురుత్వ కేంద్రమును 4 సెంటీమీటర్లు ముందుకు జరిపిరి. దానితో బల్లెము త్వరగా ముక్కు వంచి నేలకు దిగసాగినది. నాలుగు సెంటీమీటర్ల మార్పు!

ఖరీదైన యంత్రములు లేని చోట కూడ మేలు చేయవచ్చును. నార్వేలో ఫుట్‌బాల్ ఆడు 13 – 17 ఏండ్ల బాలికలకు ఆటకు ముందు ఇరువది నిమిషములు ఒక క్రమమైన వ్యాయామము నేర్పిరి. అందు ముఖ్యమైన పాఠము దుమికి దిగునపుడు మోకాళ్లు లోపలికి వాలనీయకుండుట. తీవ్రమైన గాయములు దాదాపు సగమునకు తగ్గినవని 2008లో ప్రకటించిరి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఈ వృత్తికి పదునొకండవ, పండ్రెండవ తరగతులలో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు, ఆపై మెకానికల్ లేక బయోమెడికల్ ఇంజనీరింగు చదువవలెను. హైదరాబాదులోని ఐ.ఐ.టి.లోను, ఉస్మానియా విశ్వవిద్యాలయములోను బయోమెడికల్ శాఖలు కలవు. క్రీడారంగమున మాత్రమే ఉద్యోగములు కోకొల్లలని చెప్పినచో అది అసత్యము. మన దేశమున అవి కొలదియే. అయితే ఇదే విద్య కృత్రిమ అవయవములకు, పాదరక్షలకు, శిరస్త్రాణములకు, ఆసుపత్రులలో నడక పరీక్షలకు పనికివచ్చును. 1968లో వెలసిన జైపూరు కాలు ఈ కోవలోనిదే.

తెలుగున చదివినవారికి ఇంజనీరింగు అందదను భయము మన యిండ్లలో తరచు వినబడును. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష 2021 నుండి తెలుగులో కూడ జరుగుచున్నది. అయితే తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్ర, తెలంగాణ కేంద్రములలో మాత్రమే యిత్తురు. కనుక మన పిల్లలు దరఖాస్తులో తిరుపతివంటి కేంద్రమును కోరుకొనవలెను. ఆ సంవత్సరపు ప్రకటనను ముందే చదువుడు. పై చదువు ఆంగ్లమున సాగును, నిజమే. కాని 245 ని 0.05 తో భాగించుట ఏ భాషలోనైనను 4900 యే.

గుంటకు క్రొత్త పార వచ్చినది. లెక్క నచ్చినవారు ఇనుపగుండును మీటరు ఎత్తునుండి బిగిసిన యిసుకలో నొకమారు, త్రవ్విన యిసుకలో నొకమారు వదలి, రెండుచోట్లను ఎంత లోతు దిగినదో స్కేలుతో కొలిచి, బలములను లెక్కించి నాకు చూపుడు. గుండు పడుచోటికి కాళ్లు దూరముగా నుంచుడు.