దురద ఎప్పుడు పుట్టిందో ముందు చూడండి

ఆదోని, ఎమ్మిగనూరు పక్క పత్తి, వేరుశనగ చేలల్లో కలుపు తీసేవాళ్లకు దురద కొత్తేమీ కాదు. ఏ మొక్క తగిలిందో చూడకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం. అక్కడే తప్పు. ఫోన్‌ వీడియోల్లో చూపించే స్టింగింగ్‌ నెటిల్‌ చల్లటి చోట్ల పెరిగే మొక్క. మన దేశంలో హిమాలయాల వైపు పెరుగుతుంది. మన నల్లరేగడిలో దాన్ని వెతకక్కర్లేదు.

చెయ్యి తగిలిన క్షణంలోనే చురుక్కుమంటే అది దురదగొండి. కంచెనో తుప్పనో చుట్టుకుని పాకే సన్నని తీగ. ఆకు అంచున రంపపు పళ్లు, కాండమంతా నూగు. ఆకులు జంటగా ఎదురెదురుగా ఉండవు, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. కాయ మూడు పలకలుగా ఉంటుంది, ఆముదం కుటుంబం కదా. నూగులోని సూది స్ఫటికం చర్మంలో దిగుతుంది.

తీగకు మూడేసి ఆకులు, ఊదా పూలు, వంపు తిరిగిన కాయల మీద బంగారు రంగు నూగు కనిపిస్తే అది దూలగొండి. దీని ఆకు కన్నా ఎండిన కాయతోనే ముప్పు. గాలికి లేచిన నూగు మెడ మీద పడుతుంది. పత్తి ఏరే రోజుల్లో గట్టు మీది తీగల్ని కదిలించకండి.

ఈ రెండింటికీ గోకడం, తడిచేత్తో రుద్దడం పనికిరావు. నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అతుక్కునే టేపు అద్ది పీకి, తర్వాత సబ్బుతో కడగండి.

అసలు గట్టిది మూడోది, వయ్యారిభామ. 1955 ప్రాంతంలో పుణెలో కంటబడిన ఈ అమెరికా కలుపు ఇప్పుడు మన గట్లన్నీ ఆక్రమించింది. క్యారెట్‌ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు. ముట్టుకోగానే ఏమీ అనిపించదు. ఒకటి రెండు రోజులకు మోచేతుల మడతల్లో, మెడ మీద, కనురెప్పల మీద దద్దురు లేస్తుంది. అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు. ఏళ్ల తరబడి పీకినవాళ్లకు ఉన్నట్టుండి మొదలవ్వచ్చు, ఒకసారి పట్టుకుంటే మళ్లీ మళ్లీ వస్తుంది. సుగ్గికి, అంటే మిరప కోతల వలసకు, గుంటూరు వైపు పోయినప్పుడు కూడా దద్దురు తగ్గకపోతే మిరప ఘాటని వదిలేయకండి, అక్కడి గట్లూ చూడండి. కళ్లు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. పూసిందంటే వేల విత్తనాలు రాలుతాయి. పశువులకు వేయకండి, పాలు చేదవుతాయి. మీగడ రంగు రెక్కల మీద నల్ల గీతలున్న పెంకు పురుగు కనిపిస్తే చంపొద్దు. ఈ ఆకు తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు.

మందు కొట్టే రైతులకు ఒక మాట. పత్తి చేను పక్కన 2,4-డి కలుపు మందు కొట్టకండి. గాలికి కొద్దిగా తగిలినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. మొక్క గుర్తు తెలియకపోతే పూతతో సహా కవర్లో వేసి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.

చీర మీద నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ మన ఆడవాళ్లు ఎలాగూ వేసుకుంటారు. చేతులకే ఏమీ ఉండదు. కలుపు కూలి ఇచ్చే రైతే రబ్బరు గ్లవుజులు కూడా ఇవ్వాలి, కూలికి ఒప్పుకునేటప్పుడే మేస్త్రీతో ఆ మాట తేల్చుకోండి.