ఆర్కిటెక్చర్ పట్టా తర్వాత: హాస్టల్ గేటు నుంచి మొదటి జీతం దాకా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, ఉపన్యాసంలా కాకుండా చేతికి అందొచ్చే విషయం రాయాలనుకున్నాం. ముషీరాబాద్‌లోని మన హాస్టల్ నుంచి ఏటా ఒకరిద్దరైనా మాసాబ్‌ట్యాంక్ బస్సెక్కి ఆర్కిటెక్చర్ చదువుతున్నారు. మెడిసిన్, ఇంజనీరింగ్ చదివిన సీనియర్ అన్నలు చెప్పే మాటలు వీళ్లకు అంతగా సరిపోవు. మా మాటలు కొంత సరిపోవచ్చు.

మేము నలుగురం 2009లో బి.ఆర్క్ పూర్తిచేశాం. అయిదేళ్ల చదువులో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆఖరి జ్యూరీ అయిపోయిన కొద్ది రోజులకే మెస్‌లో పేరు తీసేస్తారు, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ట్రంకుపెట్టె సర్దుకోవాలి. మొదటి జీతం ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు. నగరంలో సొంతిల్లు ఉన్న క్లాస్‌మేట్‌కు ఈ నడిమి కాలం విశ్రాంతి. మనకు అది అద్దె, అన్నం, బస్సు పాసు.

మా టైము కూడా బాగాలేదు. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరిలో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ వ్యవహారం బయటపడింది. అప్పటిదాకా ఎకరాల లెక్కన పరుగెత్తిన నగరం ఒక్కసారి నిలబడిపోయింది. సగం లేచిన అపార్ట్‌మెంట్లు అట్లాగే ఆగాయి. ఆర్కిటెక్టుల ఆఫీసులు ఉన్నవాళ్లనే తగ్గించుకుంటుంటే కొత్తవాళ్లను ఎవరు పిలుస్తారు? ఒక ఆఫీసులో మాలో ఇద్దరం మూడు నెలలు పనిచేశాం. "ముందు నేర్చుకోండి, జీతం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు. జీతం లేని ట్రైనింగ్ చేయాలంటే ఇంట్లో అన్నం పెట్టేవాళ్లుండాలి. ఈ లెక్క మాకు ఆలస్యంగా అర్థమైంది.

హాస్టల్ వదిలాక ఉస్మానియా క్యాంపస్ అంచున మాణికేశ్వర్‌నగర్‌లో ఒక గది తీసుకున్నాం. తార్నాక కంటే అద్దె తక్కువ. దాన్ని వడ్డెర బస్తీ అని కూడా అంటారు. రాయి కొట్టే వాళ్ల బస్తీ అని పేరే చెబుతుంది. అక్కడి నుంచి నడిచి వెళ్లి సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్లం. ఆ భవనం గురించి క్లాసులో మార్కుల కోసం చదివాం గానీ, నిరుద్యోగులుగా చూసినప్పుడే సరిగ్గా చూశామనిపిస్తుంది. నిజాం ప్రభుత్వం నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. డిజైను బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ది. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. ఆ సంవత్సరాలు చూడండి. 1929 తర్వాత ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం, పెద్ద పెద్ద దేశాల్లో ఆర్కిటెక్టులకు పనుల్లేవు. ఇక్కడ ప్రభుత్వం కట్టిస్తోంది కాబట్టి పని ఉంది. మన వృత్తి ఎప్పుడూ కట్టించేవాడి చేతిలో ఉంటుంది.

అదే మాంద్యంలో అమెరికా ప్రభుత్వం ఒక పని చేసింది. 1933లో హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే పేరుతో, పనిలేని ఆర్కిటెక్టులకు జీతమిచ్చి పాత భవనాలను కొలిపించి డ్రాయింగులు గీయించింది. కొత్తగా కట్టించేవాడు లేనప్పుడు, ఉన్నదాన్ని కొలవడమే వాళ్లకు అన్నం పెట్టింది. మమ్మల్ని కూడా నిలబెట్టింది కొలతే.

ఎట్లాగంటే, 2007 డిసెంబర్ 31న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 901 నంబరు జీవోతో బీపీఎస్ తెచ్చింది. అనుమతి లేకుండానో, ప్లాను దాటో కట్టిన ఇళ్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం అది. ఫైలుకు ఇల్లు ఉన్నది ఉన్నట్టు గీసిన ప్లాను కావాలి. మేము బయటికొచ్చే నాటికి ఇంకా ఫైళ్లు మిగిలున్నాయి. రాంనగర్‌లో లైసెన్సున్న ఒక సర్వేయర్ దగ్గర, ఇంటికి ఇంత అని మాట్లాడుకుని కొలిచి గీసివ్వడం మొదలుపెట్టాం. సంతకం ఆయనది, ఎండ మాది.

మొదటి ఇల్లే వెనక్కొచ్చింది. గది గదికీ లోపలి కొలత తీసి కూడుకుంటూ పోయాం. బయట టేపు పెట్టి చూస్తే పొడవు కలవలేదు. వరసగా మూడు గదులుంటే గోడలు నాలుగు. బయటివి రెండూ తొమ్మిది అంగుళాలు, లోపలివి రెండూ నాలుగున్నర. మొత్తం రెండు అడుగుల మూడు అంగుళాలు మా డ్రాయింగులో మాయం. అయిదేళ్లు చదివి గోడ మందం మర్చిపోయామని సర్వేయర్ సారు నవ్వలేదు, డబ్బులు మాత్రం ఆపారు.

తర్వాత పద్ధతి కుదిరింది. ముందు ఇల్లంతా తిరిగి చేత్తో స్కెచ్ వేసుకోవాలి, టేపు ముట్టకూడదు. ఉత్తరం గుర్తు పెట్టాలి. బయటి నాలుగు వైపులా ముందు కొలిచి, ఆ తర్వాతే లోపలికి వెళ్లాలి. ఒక గోడ మీద కిటికీ, తలుపు, అల్మరా విడివిడిగా కొలిచి కూడొద్దు. టేపు సున్నాను ఒక మూలన పట్టుకుని చివరిదాకా ఒకే వరసలో చదవాలి. విడివిడిగా కొలిస్తే ప్రతిసారీ జరిగే పావంగుళం తప్పు పోగవుతుంది. ప్రతి గదికీ మూలమట్టం చూడాలి. పది అడుగులు, పన్నెండు అడుగుల గదికి మూల నుంచి మూలకు పదిహేను అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. రెండు వైపులా ఒకేలా రాకపోతే ఆ గది వంకర. బస్తీ ఇళ్లలో సగం గదులు వంకరే, ఎందుకంటే పక్కింటి గోడ ఎట్లా పోతే అట్లా కట్టుకున్నారు. ఆ వంకరను సరిచేసి అందంగా గీస్తే అది అబద్ధం. మెట్లు లెక్కపెట్టి ఒక మెట్టు ఎత్తు కొలిస్తే అంతస్తు ఎత్తు అక్కడే తెలుస్తుంది. ఇల్లు దాటే ముందే కూడికలు సరిచూసుకోవాలి. మళ్లీ వెళ్తే బస్సు చార్జీ మనదే.

ఆ ఏడాది నవంబర్ చివర్నుంచి క్యాంపస్ తెలంగాణ ఉద్యమంతో కదిలిపోయింది. బంద్‌ల రోజుల్లో కొలతలూ బందే. మాలో ఒకడు జనవరిలో ఊరెళ్లిపోయాడు. చెయ్యి మా అందరికంటే మంచిది, థీసిస్ షీట్లు జూనియర్లు వచ్చి చూసిపోయేవాళ్లు. ఇంట్లో అప్పు తీర్చాల్సి వచ్చింది. ఇంకో రెండు నెలలు అద్దె ఎవరైనా సర్దుబాటు చేసి ఉంటే ఆగేవాడు. మా దగ్గరా లేవు. ఇప్పటికీ అతను పెన్సిల్ ముట్టలేదు. మార్కెట్ బాగాలేదు అని పత్రికల్లో రాసినప్పుడు మాకు గుర్తొచ్చేది ఇదే.

ఇక తెలుసుకోవలసినవి కొన్ని. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతేనే పేరు ముందు ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలి. పట్టా చేతికి రాగానే ఆ నమోదు చేసుకోండి, డబ్బులు లేవని వాయిదా వేయకండి. మేము ఏడాది వాయిదా వేసి, ఆ ఏడాదంతా వేరేవాళ్ల సంతకం కింద గీశాం. అయితే 2020 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: ఆ చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరును మాత్రమే, నమోదు లేనివాళ్లు ఆ పనులు చేయకుండా అది ఆపదు. అంటే డిప్లొమా వాళ్లూ, అనుభవమున్న డ్రాఫ్ట్స్‌మెన్‌లూ మనతోపాటు అదే బజారులో ఉంటారు. పైగా 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేకుండా చేసింది. మన అమ్మానాన్నలు కట్టుకునే ఇళ్లు చాలావరకు అంతే. అక్కడ మేస్త్రీదే రాజ్యం, తప్పు పట్టలేం.

పని దొరికే చోట్లు కూడా ఉన్నాయి. 2016 రేరా చట్టం కింద బిల్డరు కొనేవాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. దాన్ని తీయాలంటే పని ఎంతవరకు అయిందో ఇంజనీరు, చార్టర్డ్ అకౌంటెంటుతోపాటు ఆర్కిటెక్టు కూడా ధ్రువపత్రం ఇవ్వాలి. గేట్ రాసి ఎం.ప్లాన్ చేస్తే పట్టణ ప్రణాళిక వైపు దారి ఉంది. 2022లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, బి.ఆర్క్ వాళ్లకూ అర్హత ఉంది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వెళ్లిన మన పిల్లలున్నారు. ప్రశ్నపత్రాల లీకేజీ గొడవతో 2023 మార్చి 12 పరీక్ష ఆగినప్పుడు వాళ్ల గది అద్దె మాత్రం ఆగలేదు. కాబట్టి పరీక్షకు చదివేవాళ్లు కూడా వారానికి రెండు రోజులు కొలతల పనో, డ్రాఫ్టింగ్ పనో పెట్టుకోండి. ఏదో ఒకటి నడుస్తుండాలి.

ఇవన్నీ మెస్‌లో పేరున్నప్పుడే మొదలుపెట్టాలి. నాలుగో ఏడాదిలో ప్రాక్టికల్ ట్రైనింగుకు ఆఫీసు వెతుక్కునేటప్పుడే స్టైపెండ్ ఎంతో అడగండి, సిగ్గుపడొద్దు. 2012 నాటి 168 నంబరు జీవో, అంటే భవన నిర్మాణ నియమాలు, ఆ తర్వాతి సవరణలతో కలిపి జిరాక్స్ తీసి పెట్టుకోండి. మా కాలంలో 2006 నాటి 86 నంబరు జీవో ఉండేది, ఇంటర్వ్యూలో డిజైన్ల కంటే దాని మీదే ఎక్కువ ప్రశ్నలడిగారు.

చివరగా ఒక పని. మన హాస్టల్ భవనానికి సరైన డ్రాయింగు లేదు. బాత్రూముల మరమ్మతుకు ఎస్టిమేట్ వేయాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో వచ్చి అందాజగా రాసుకుపోతారు. ఈసారి ఆర్కిటెక్చర్ చదివే తమ్ముళ్లు ముగ్గురూ కలిసి గ్రౌండ్ ఫ్లోరు, పై అంతస్తులు, వంటగది, సంపు, డ్రైనేజీ లైనుతో సహా కొలిచి గీయండి. ఒక కాపీ వార్డెన్ సారుకు, ఒకటి మీ పోర్ట్‌ఫోలియోకు. వార్షికోత్సవం తర్వాతి ఆదివారం టిఫిన్ కాగానే మెస్ హాలు నుంచి మొదలుపెడదాం. ముప్పై మీటర్ల టేపు మేము తెస్తాం.